తాతయ్య తిథుల పుస్తకంలో చావు కారణాలు: అప్పుడు పురుడు, ఇప్పుడు గుండె

గోదారిగట్టు (చర్చ మొదలుపెట్టినవారు) | శనివారం రాత్రి 9:12

సంక్రాంతికి ఊరెళ్లి అటక దులుపుతుంటే తాతయ్య రాసిన తిథుల పుస్తకం దొరికింది. తద్దినాలు తప్పిపోకుండా ఎవరు ఏ మాసంలో ఏ తిథినాడు పోయారో రాసుకునే పుస్తకం, చాలా ఇళ్లలో ఉండేదే. మా తాతయ్య మాత్రం తిథి పక్కన వయసు, దాని పక్కన ‘హేతువు’ అని ఇంకో గడి గీసుకున్నాడు. 1911 నుంచి 1984 వరకు 34 మంది ఉన్నారు.

పురిట్లో పోయినవాళ్లు ఐదుగురు, వాళ్లలో పెద్దామెకు 31 ఏళ్లు. ‘వాంతులు, భేదులు’ నలుగురు. ‘అమ్మవారు’ ముగ్గురు, ముగ్గురూ పదేళ్ల లోపు పిల్లలే. క్షయతో ముగ్గురు మగవాళ్లు. పాము కరిచి ఇద్దరు. ‘నూతిలో కాలు జారి’ ఇద్దరు ఆడవాళ్లు, ఒకరికి 19, ఇంకొకరికి 23. మిగతావాళ్లకు ఎక్కువగా జ్వరం, వార్ధక్యం. గుండె అన్న మాట 1968 దాకా ఎక్కడా లేదు.

తాతయ్య తర్వాత నాన్న రాశారు. 15 పేర్లు. గుండెపోటు ఆరుగురికి, అందులో ఐదుగురు మగవాళ్లు, నలుగురికి అరవై నిండలేదు. షుగరు, కిడ్నీలు అని ఇద్దరికి, మోటారు సైకిలు ఇద్దరు కుర్రాళ్లకు, రొమ్ము కేన్సరు ఒకరికి. ‘పురిట్లో’ అని ఒక్కసారి కూడా రాయాల్సిన అవసరం పడలేదు.

ఇది మా ఇంటి కథేనా, లోకమంతా ఇలాగే మారిందా? తెలిసినవాళ్లు చెప్పండి.

---

లెక్కల మాస్టారు | శనివారం రాత్రి 10:05

మీ తాతయ్యకు నా నమస్కారం. ఆయన ఇంటికి చేసిన పనినే 1990ల మొదట్లో క్రిస్టఫర్ మరే, అలన్ లోపెజ్ అనే ఇద్దరు ప్రపంచం మొత్తానికి చేయబూనారు. దాన్ని ‘గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్’ అంటారు. ఇప్పుడు సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వారి సంస్థ నడిపిస్తోంది.

అందులో నాకు నచ్చిన కిటుకు ఒకటి ఉంది. తలల లెక్కలో రెండేళ్ల పిల్ల భేదులతో పోయినా ఒకటే, 78 ఏళ్ల పెద్దాయన పక్షవాతంతో పోయినా ఒకటే. వాళ్లు తలలతో పాటు పోగొట్టుకున్న ఏళ్లనూ కూడారు. ఆ పిల్ల ఖాతాలో ఎనభై పైచిలుకు ఏళ్లు, పెద్దాయన ఖాతాలో పదో పన్నెండో. అకాల మరణం అన్న మాటకు అంకెల్లో అర్థం అదే.

ఈ లెక్కన 1990లో మానవజాతి ఆయుష్షును అందరికన్నా ఎక్కువగా కాజేసినవి న్యుమోనియా లాంటి ఊపిరితిత్తుల అంటువ్యాధులు, భేదులు. రెండు దశాబ్దాల తర్వాత మొదటి స్థానంలోకి గుండె రక్తనాళాల జబ్బు వచ్చి కూర్చుంది. ఐదేళ్ల లోపు పిల్లల చావులు 1990లో ఏడాదికి కోటీ పాతిక లక్షలకు పైనే ఉండేవి, 2022లో 49 లక్షలు. ఇంత మార్పు ఒక్క తరంలో జరిగింది. సగటు ఆయుర్దాయం 1990లో 65.3 ఏళ్లు, 2013లో 71.5.

కాబట్టి మీ ఇంటి కథ లోకం కథే. కాకపోతే మీ పుస్తకంలో ఆ మార్పు కాస్త నిదానంగా జరిగింది.

---

పాతపంట | శనివారం రాత్రి 10:31

అంకెలు బాగానే ఉన్నాయి మాస్టారూ. మా తాతలు సంకటి, జొన్నన్నం తిని ఎనభై ఏళ్లు బతికారు. గుండెపోటు అంటే వాళ్లకు తెలియదు. ఎరువులు, పాలిష్ బియ్యం, పాకెట్ నూనెలు వచ్చాకే ఈ రోగాలన్నీ. గోదారిగట్టు గారి పుస్తకమే సాక్ష్యం, 1968 దాకా గుండె లేదు కదా.

---

లెక్కల మాస్టారు | శనివారం రాత్రి 10:58

ఎనభై ఏళ్లు బతికిన తాతే మీకు కథలు చెప్పగలడు. ఎనిమిదేళ్లకు పోయిన ఆయన తమ్ముడు చెప్పలేడు కదండీ.

అరవై ఏళ్లకు గుండెపోటు రావాలంటే ముందు రెండేళ్లప్పుడు భేదుల్ని, ఐదేళ్లప్పుడు అమ్మవారిని, ఇరవైలో క్షయను దాటాలి. జనాభా పెరిగింది, పెద్దవాళ్లు పెరిగారు, అందుకే ప్రపంచంలో గుండె చావుల సంఖ్య పెరిగింది. 2021లో అవి 90 లక్షలకు పైగా ఉన్నాయి. వయసులవారీగా విడదీసి రేటు చూస్తే మాత్రం చాలా దేశాల్లో తగ్గుతూ వచ్చింది. ఒకే విషయం గురించి రెండు నిజాలు, రెండూ చెప్పాలి.

తిండి గురించి మీరన్నదాంట్లో సగం ఒప్పుకుంటాను. ఉప్పు, నూనె, పొగాకు, కూర్చుని చేసే పని, వీటికి గుండె జబ్బులో పెద్ద వాటానే ఉంది. ‘ఎరువులు, పాలిష్ బియ్యం వచ్చాకే ఈ రోగాలన్నీ’ అన్నదాన్ని మాత్రం ఒప్పుకోను.

---

సబ్‌సెంటర్ అక్క | ఆదివారం ఉదయం 6:20

ఏఎన్ఎమ్‌గా 29 ఏళ్లు చేశాను. ‘పురిట్లో’ అని ఒక్క మాటలో రాసినదాని వెనక కనీసం నాలుగు రకాల చావులుంటాయి తమ్ముడూ. బిడ్డ బయటపడ్డాక నెత్తురు ఆగకపోవడం, ఇది అన్నిటికన్నా పెద్దది. గుర్రపువాతం, అంటే బీపీ పెరిగి ఫిట్స్ రావడం. శుభ్రం లేక వచ్చే పురిటి జ్వరం. బిడ్డ అడ్డం తిరిగి రెండు రోజులు నొప్పులు పడటం.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రాత్రి చూశాను. మావి పడలేదు. చాప కింద మట్టి నేల నెత్తురును పీల్చేస్తుంటే ఎంత పోయిందో కూడా ఎవరికీ తెలియలేదు. ఎడ్లబండి కట్టి రోడ్డెక్కేసరికి ఆమె చేయి చల్లబడింది. ఇరవై రెండేళ్లు. ఆ రోజుల్లో ఊరికి అంబులెన్సు లేదు, సబ్‌సెంటర్‌లో నెత్తురు ఆపే ఆక్సిటోసిన్ సూది లేదు.

ప్రపంచమంతటా కాన్పు సంబంధిత చావులు 2000లో దాదాపు నాలుగున్నర లక్షలు, 2023లో 2.6 లక్షలు. మన దేశంలో 2001-03లో లక్ష కాన్పులకు 301 మంది తల్లులు పోయేవారు, 2018-20 లెక్కకు అది 97. తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. కేరళ అప్పటికే 19 దగ్గరుంది కాబట్టి మనం చంకలు గుద్దుకోవాల్సిన పని లేదు.

ఇంకొక మాట. ‘నూతిలో కాలు జారి’ అని ఇద్దరు పడుచు ఆడవాళ్లు. ఆ గడిని మళ్లీ ఒకసారి చూడండి.

---

గోదారిగట్టు | ఆదివారం ఉదయం 8:44

అక్కా, నూతికి పిట్టగోడ లేదని నాన్న చెప్పేవారు. నేనెప్పుడూ అంతకుమించి ఆలోచించలేదు.

---

డల్లాస్ పద్మ | ఆదివారం ఉదయం 9:30

గుండెపోటు ఆరులో ఐదుగురు మగవాళ్లు అన్నారు. అదే నిష్పత్తి నిజమో కాదో నాకు అనుమానం. మా అమ్మకు రెండు రోజులు దవడ లాగింది, వికారంగా ఉంది, ఆయాసం వచ్చింది. ఛాతీనొప్పి లేదు. ఊళ్లో ఒక వైద్యుడు గ్యాసు అని మాత్ర ఇచ్చాడు. మూడో రోజు పోయింది. కాగితం మీద ఏం రాశారో తెలుసా? ‘వృద్ధాప్యం’. ఆమెకు 63.

ఆడవాళ్లలోనూ ప్రపంచవ్యాప్తంగా పెద్ద హంతకి గుండె జబ్బే. మెనోపాజ్ దాకా కొంత రక్షణ ఉంటుంది, అందుకే పదేళ్లు ఆలస్యంగా వస్తుంది. ఆలస్యంగా వచ్చేదాన్ని ‘మగవాళ్ల జబ్బు’ అనుకున్నారు.

ఇక్కడ అమెరికాలో ఇంకో మార్పు చూడండి. 1987 నుంచి ఆడవాళ్లను రొమ్ము కేన్సర్ కన్నా ఎక్కువగా చంపుతున్నది ఊపిరితిత్తుల కేన్సర్. రెండో ప్రపంచ యుద్ధం తరంలో సిగరెట్ మొదలుపెట్టిన ఆడవాళ్లు నలభై ఏళ్ల తర్వాత బిల్లు కట్టారు.

---

ఇచ్ఛాపురం రైలు | ఆదివారం మధ్యాహ్నం 12:15

పద్మ గారు సిగరెట్ అంటే మా శ్రీకాకుళం వైపు ఆడవాళ్లు నవ్వుతారు. మా నానమ్మది అడ్డపొగ. చుట్ట నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని పెదవులు బిగించేది. వంట చేస్తూ, చేపలు కోస్తూ, చుట్ట అలా నోట్లోనే గంటలకొద్దీ ఉండేది. గాలికి ఆరదు, బూడిద రాలదు, మగవాళ్లకు కనపడదు. అంగిట్లో పుండు పడి పోయింది. అంగిటి కేన్సర్ గురించి వైద్యశాస్త్రం రాసుకున్నదాంట్లో ఒక పేజీ మా విశాఖ, శ్రీకాకుళం తీరం ఆడవాళ్లదే.

నేను రాయాలనుకున్నది కిడ్నీల గురించి. మాది ఉద్దానం. కొబ్బరి, జీడిమామిడి, పనస, చూడటానికి స్వర్గం. మా ఊళ్లో టీకొట్టు దగ్గర క్రికెట్ స్కోరు అడిగినట్టు క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే రక్తపరీక్ష అంకె, పెరిగితే చెడ్డ) ఎంత అని అడుగుతారు. ‘మూడు పాయింట్ రెండు.’ ‘పర్వాలేదు, మా బావది ఎనిమిది.’ షుగరు లేదు, బీపీ లేదు, నలభై ఏళ్ల కూలీ మనిషి. కాళ్లు వాచేదాకా ఏమీ తెలియదు. ఆడవాళ్లకూ వస్తోంది గానీ మగవాళ్లే ఎక్కువ.

కవిటి, సోంపేట, కంచిలి దాటి బయటకు చూస్తే ఇదే జబ్బు నికరాగ్వా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల్లో కనిపిస్తుంది. నికరాగ్వాలో చిచిగల్ప దగ్గర లా ఇస్లా అనే పల్లె ఉంది. మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు పోతే దానికి ‘వితంతువుల దీవి’ అని పేరు పడింది. ఎండలో చెమటోడ్చి చేసే పని, చాలని నీళ్లు, అది అక్కడ బలమైన అనుమానం. అందుకే తోటల్లో నీళ్లు, నీడ, విరామం అని పద్ధతి మొదలుపెట్టారు. మా దగ్గర భూగర్భ జలాల్లోని సిలికా, పురుగుమందులు, ఎండ, అన్నీ అనుమానితులే, శిక్ష పడ్డది ఎవరికీ లేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. ఒకప్పుడు డయాలిసిస్ అంటే విశాఖ బస్సే.

ప్రపంచ పట్టికలో కిడ్నీ జబ్బు ఏటా పైకి పాకుతోందని చదివినప్పుడు నాకు అంకె కనపడదు, ఆ టీకొట్టు బల్ల కనపడుతుంది.

---

మాస్కో బ్యాచ్ 93 | ఆదివారం సాయంత్రం 5:02

‘కాలం గడిస్తే ఆయుర్దాయం పెరుగుతుంది’ అన్న ధీమా ఉన్నవాళ్లకు రష్యా చూపించాలి. నేను వైద్యం చదవడానికి వెళ్లింది సరిగ్గా ఆ ఏళ్లలోనే.

1985లో సోవియట్ నాయకుడు గోర్బచేవ్ మద్యం మీద ఆంక్షలు పెట్టాడు. జనం తిట్టుకున్నారు గానీ 1987కల్లా మగవాళ్ల ఆయుర్దాయం 65 దగ్గరకు చేరింది. ఆ తర్వాత ఆంక్షలు పోయాయి, దేశమే పోయింది. 1994కు మగవాళ్ల ఆయుర్దాయం 58 లోపుకు పడిపోయింది. యుద్ధం లేదు, కరువు లేదు, మహమ్మారి లేదు. ఏడేళ్లలో ఏడేళ్ల ఆయుష్షు ఆవిరి. ఆడవాళ్లకూ తగ్గింది కానీ అంత కాదు. ఇద్దరికీ తేడా 13 ఏళ్లు దాటింది. ప్రపంచ సగటు తేడా ఐదేళ్ల దరిదాపుల్లో ఉంటుంది.

మా హాస్టల్ కాపలాదారు కర్మాగారంలో టర్నర్‌గా చేసి పని పోగొట్టుకున్నవాడు. జనవరిలో ఒక ఉదయం బస్టాపు బెంచీ మీద కూర్చున్నట్టే ఉన్నాడు. ధ్రువపత్రంలో ‘గుండె’ అని రాశారు. మా ప్రొఫెసరు ఆ కాగితం చదివి, గుండెకు పాపం ఏం తెలుసు అన్నారు.

2015లో ఆన్ కేస్, ఆంగస్ డీటన్ అనే ఆర్థికవేత్తలు అమెరికాలో ఇలాంటిదే పట్టుకున్నారు. నడివయసు తెల్లజాతి వాళ్లలో, అందులోనూ పెద్ద చదువు లేనివాళ్లలో, మత్తుమందులు, తాగుడు, ఆత్మహత్యల వల్ల మరణాల రేటు తగ్గడం మాని పెరగడం మొదలైంది. 2021లో అక్కడ మత్తుమందు మోతాదు మించి పోయినవాళ్లు లక్ష దాటారు. ఈ గ్రాఫులు చూసినప్పుడల్లా నాకు ఆ బెంచీ గుర్తొస్తుంది.

---

పాతపంట | ఆదివారం సాయంత్రం 5:40

అంటే మగవాళ్లు కొంత తమ చేజేతులా పోతున్నారన్నమాట. తాగుడు, పొగాకు, బండి వేగం.

---

సబ్‌సెంటర్ అక్క | ఆదివారం రాత్రి 7:15

చేజేతులా అనడం తేలిక. లెక్క మాత్రం నిజమే. మద్యం వల్ల 2019లో 26 లక్షల మంది పోతే అందులో 20 లక్షలు మగవాళ్లు. రోడ్డు మీద ఏటా పోయే దాదాపు 12 లక్షల మందిలో నలుగురికి ముగ్గురు మగవాళ్లు. ఐదేళ్ల నుంచి 29 ఏళ్ల వయసువాళ్లకు ప్రపంచంలో మొదటి మృత్యుకారణం రోడ్డే.

ఆడవాళ్లవి ఇంట్లో జరుగుతాయి, అందుకే కనపడవు. పొయ్యి పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల చావులు. నేను తిరిగిన తండాల్లో పొగ తాగని ముసలమ్మలకు పొగ తాగేవాడి ఊపిరితిత్తులుండేవి. గ్యాసు బండ వచ్చినా అది మూలన నిలబడి, పిడకలే మండిన ఇళ్లు చాలా చూశాను. బండ నింపాలంటే డబ్బు కావాలి కదా.

గర్భాశయ ముఖద్వార కేన్సర్ చూడండి. 2022లో మూడున్నర లక్షల మంది పోయారు, పదిమందిలో తొమ్మిదిమంది పేద, మధ్యాదాయ దేశాలవాళ్లే. దానికి టీకా 2006 నుంచి ఉంది. ముందే పట్టుకునే పరీక్ష అంతకన్నా ఎప్పటి నుంచో ఉంది. 2009లో మన ఖమ్మం జిల్లాలో గిరిజన హాస్టళ్ల ఆడపిల్లలకు ఆ టీకా వేస్తే అనుమతుల విషయంలో పెద్ద గొడవైంది. టీకా వేసుకున్నవాళ్లలో కొందరు పిల్లలు పోయారు, ఆ చావులకు టీకా కారణం కాదని విచారణలో చెప్పారు. తల్లిదండ్రులను సరిగా అడగకుండా వార్డెన్ల చేత సంతకాలు పెట్టించింది మాత్రం నిజం. ఆ ఒక్క తొందరపాటు వల్ల టీకా మీద నమ్మకం ఏళ్లకు ఏళ్లు వెనక్కి పోయింది. ఆ ప్రాంతం తల్లులతో మాట్లాడినదాన్ని కాబట్టి చెబుతున్నాను.

---

ఓరుగల్లు పత్తి | ఆదివారం రాత్రి 8:50

మా వైపు ఇళ్లలో పురుగుల మందు డబ్బా దూలం మీద ఉంటుంది. ఒక్క గంట కోపం, ఒక్క గంట అవమానం, చేతికి అందేంత దూరంలో ఆ డబ్బా. అంతకన్నా వివరంగా రాయను.

శ్రీలంక ఏం చేసిందో మాత్రం అందరికీ తెలియాలి. 1995లో అక్కడ ఆత్మహత్యల రేటు లక్షకు 47, ప్రపంచంలోనే అతి ఎక్కువ రేట్లలో ఒకటి. 1984 నుంచి మొదలుపెట్టి బాగా విషపూరితమైన పురుగుమందుల్ని ఒక్కొక్కటిగా మార్కెట్ నుంచి తీసేశారు. ఇరవై ఏళ్లలో రేటు మూడింట రెండు వంతులకు పైగా తగ్గింది. పంట దిగుబడి తగ్గలేదు. మనుషుల కష్టాలు తీర్చలేకపోయినా డబ్బాను దూరం చేశారు, అంతే. ఆ గంట గడిచాక చాలామంది బతకాలనే అనుకుంటారు.

ప్రపంచంలో మగవాళ్ల ఆత్మహత్యలు ఆడవాళ్లకు రెట్టింపుకు పైనే. మన దేశంలో 2016 అంచనాల్లో ఆ తేడా అంతకన్నా తక్కువ. 2016లో ప్రపంచంలో ఆత్మహత్య చేసుకున్న ఆడవాళ్లలో నూటికి 36 మందికి పైగా భారతీయులు. పెళ్లయిన పడుచువాళ్లే ఎక్కువ.

---

నిర్వాహకులు | ఆదివారం రాత్రి 9:05

ఈ విషయం చదువుతూ ఎవరికైనా మనసు భారంగా ఉంటే టెలీ మానస్ నంబరు 14416. ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడవచ్చు. చర్చ కొనసాగించండి.

---

నాలుగో నమూనా | సోమవారం ఉదయం 7:35

జిల్లా ఆసుపత్రిలో పనిచేస్తాను, మరణ కారణ పత్రాలు నింపడం నా రోజువారీ పని. పద్మ గారి ‘వృద్ధాప్యం’, మాస్కో బ్యాచ్ గారి ‘గుండె’ రెండూ చదివి నవ్వు, సిగ్గు రెండూ వచ్చాయి.

పత్రంలో వరుసగా గీతలుంటాయి. పైగీతలో చివరి క్షణంలో ఏమైంది, దాని కింద అది దేనివల్ల, ఇంకా కింద అది మళ్లీ దేనివల్ల. అసలు విలువైనది అట్టడుగు గీత. రాత్రి రెండింటికి ముప్ఫై గంటలు నిద్రలేని కుర్ర డాక్టరు పైగీతలో ‘గుండె, శ్వాస ఆగిపోవడం’ అని రాసి సంతకం పెడతాడు. ఎవరికి ఆగదండీ? అలాంటివాటిని గ్లోబల్ బర్డెన్ వాళ్లు ‘చెత్త కోడ్లు’ అనే పిలుస్తారు, తీసి వేరే కారణాల్లోకి లెక్కగట్టి పంచుతారు. 2020లో మన దేశంలో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం రాసినవి నూటికి 22 లేక 23. మిగతావాటికి ఆ మాత్రం కాగితం కూడా లేదు.

ఆ లోటు పూడ్చడానికే ప్రభాత్ ఝా బృందం, భారత రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం కలిసి పదిలక్షల మరణాల అధ్యయనం చేశాయి. ఇంటింటికీ వెళ్లి చనిపోయినవాళ్ల మనుషులతో మాట్లాడి కారణం రాబట్టడం. దగ్గు ఎన్నాళ్లుంది, కాళ్లు వాచాయా, నొప్పి ఎక్కడ మొదలైంది. పాముకాటు సంగతి అలాగే బయటపడింది. 2000 నుంచి 2019 మధ్య దాదాపు 12 లక్షల మంది, ఏడాదికి సగటున 58 వేలు. ఆసుపత్రి లెక్కల్లో వాళ్లు లేరు, ఎందుకంటే ఆసుపత్రిదాకా రాలేదు.

---

భీమవరం బుల్లోడు కాదు | సోమవారం ఉదయం 10:10

ఒక్క ఇంట్లోనే ఈ మార్పంతా చూడాలంటే మా భీమవరంలో పుట్టిన వైద్య శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారిల్లు చూడండి. అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగు జబ్బుతో కొద్ది రోజుల తేడాలో పోయారు. ఆయన దాని మందు వెతుక్కుంటూ అమెరికా వెళ్లి ఫోలిక్ ఆమ్లం దాకా చేరారు. దాని పని అడ్డుకునే మందులు పిల్లల రక్త కేన్సర్‌కు తొలి చికిత్సలయ్యాయి. టెట్రాసైక్లిన్ అనే యాంటీబయోటిక్ మందుల్లో మొదటిది కూడా ఆయన ప్రయోగశాలదే. చివరికి 1948లో న్యూయార్క్‌లో గుండె ఆగి పోయారు. 53 ఏళ్లు. తమ్ముళ్లు పాత పట్టికలో, ఆయన కొత్త పట్టికలో.

---

లెక్కల మాస్టారు | సోమవారం ఉదయం 10:26

బాగా పట్టారు. చిన్న సవరణ: పోయినవాళ్లందరూ తమ్ముళ్లు కారనుకుంటాను, మీరే పైన ‘అన్నదమ్ములు’ అన్నారు. దాన్నే ఉంచండి.

---

గోదారిగట్టు | బుధవారం రాత్రి 11:20

ఆలస్యానికి మన్నించండి. ‘నాలుగో నమూనా’ గారి టపా చదివాక మా పెద్దత్తయ్యకు ఫోను చేశాను. ఆమెకు 88. పుస్తకంలోని 34 మందిలో పద్నాలుగు మందిని కళ్లతో చూసిన మనిషి ఆమె ఒక్కతే మిగిలింది.

‘పురిట్లో’ ఐదుగురిలో ఆమెకు ఇద్దరు తెలుసు. ఒకామెకు మావి పడలేదట, సబ్‌సెంటర్ అక్క చెప్పినట్టే. ఇంకొకామెకు కాన్పైన మూడో రోజు ఒళ్లు కొయ్యబారి, దవడలు బిగుసుకున్నాయట. మంత్రసాని కొడవలి గురించి ఆమే అంది, నేను అడగలేదు. ‘జ్వరం’ అని రాసిన తాతయ్య తమ్ముడికి ఆర్నెల్లు దగ్గు, కఫంలో నెత్తురు. సంబంధాలు రావని క్షయ అని రాయలేదట.

నూతి సంగతి అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. ఫోను పెట్టేసిందేమో అనుకున్నాను. తర్వాత, ‘ఆ నూతికి పిట్టగోడ ఉండేదిరా, నా నడుం దాకా ఉండేది’ అంది. పేర్లు మాత్రం చెప్పింది, పెద్దమ్మాయి జడ ఎంత పొడుగో చెప్పింది. ఇంకేమీ చెప్పలేదు.

తాతయ్య రాసినదాన్ని కొట్టేయలేదు. ఆ రెండు పేర్ల పక్కన పెన్సిలుతో ‘పిట్టగోడ ఉంది’ అని రాసి పెట్టాను.